ఒంగోలు సంఘము - పల్లెల కూటములు

సంఘమను మాటను మనము రెండర్థములలో వాడుచున్నాము. సంస్కర్తల పత్రికలలో సంఘమనగా జనసమాజము. దాని దోషములను దిద్దుటయే సంఘసంస్కరణము. క్రైస్తవుల నోట సంఘమనగా ఆరాధనకు కూడిన విశ్వాసుల సమూహము. అందును మరల పట్టణమందలి పెద్ద సంఘమును సంఘమే. దాని క్రింద నొక్కొక్క పల్లెలో పదియిండ్లవారు చేరి పాడుకొను కూటమును సంఘమే. ఇంగ్లీషువారు వీనికి వేర్వేరు మాటలు కల్పించుకొనిరి. మన భాషలో నొక్కటే మాట యుండుట మొదట మాకు లోపముగా దోచినది గాని, ఒంగోలు సీమ చరిత్ర చదివిన పిమ్మట ఆ యభిప్రాయము మార్చుకొంటిమి. అచ్చట నీ యర్థములన్నియు నొకదానిలో నొకటి కలిసిపోయినవి. అవి యెట్లు కలిసినవో, ఎచ్చట కలియక నిలిచిపోయినవో చూచుటయే యీ వ్యాసమున మా ప్రయత్నము.

కాలమును ముందుగా గుర్తుంచుకొనవలెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు వివేకవర్ధనిని స్థాపించినది 1874లో. రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిగినది 1881 డిసెంబరులో. ఆ దినములలో గోదావరీ తీరమున పండితులు శాస్త్రవాదములతో తలపడుచుండగా, గుండ్లకమ్మ తీరమున అక్షరము రాని చర్మకారులు తమ బ్రదుకులను తామే మార్చుకొనుచుండిరి. మొదటిదానిని గూర్చి మన సాహిత్యమునందు గ్రంథములు గలవు. రెండవదానిని గూర్చి వ్రాసినవారు చాలవరకు అమెరికావారే. ఇది మన పత్రికలకు గౌరవము కాదు.

అమెరికా బాప్తిస్టు మిషనువారు 1836లో తెలుగుదేశమున కాలిడిరి. శామ్యూల్ డే మొదట విశాఖపట్టణమున దిగి, 1840లో నెల్లూరు చేరెను. ఏండ్లు గడచినను చేరినవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే. ఈ మిషనును మూసివేయుదమా యని అమెరికాలో సభలు జరిపి చర్చించిరి. పటములో నొంటిగా నున్న చుక్కవలె కనబడుటచే దీనికి 'ఒంటిచుక్క' యని పేరు వచ్చినది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలులోని యొక కొండమీద అయిదుగురు ప్రార్థన చేసిరి. లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అను తెలుగువాడు, జూలియా, రూతు అను తెలుగు స్త్రీలిరువురు. ఆ కొండకు ప్రార్థనకొండ యని నేటికిని పేరు. మిషను చరిత్రలలో ఆ యుదయము జూయెట్ గారి పేరనే నిలిచినది. అయిదుగురిలో ముగ్గురు తెలుగువారని మేము లెక్కచూచి మరీ చెప్పవలసి వచ్చుచున్నది.

అయినను ఒంగోలు సంఘమునకు ప్రాణము పోసినది ఆ కొండ కాదు. పడమటి దిక్కున నలువది మైళ్ల దూరమున తాళ్లకొండపాడను పల్లెయున్నది. అచ్చట యెర్రగుంట్ల పేరయ్య యను మాదిగ వర్తకుడుండెను. తోళ్ల వ్యాపారమునకై ఉత్తరపు సీమలకు పోయివచ్చుచుండువాడు. క్రైస్తవుడు కాకమునుపే అతడు గురువుల నాశ్రయించి రాజయోగమును అభ్యసించినవాడు. తనవారిలో నలుగురు చుట్టుజేరి వినదగిన పెద్దమనిషి. ఏలూరు ప్రాంతమున క్రీస్తు బోధను విని, మరింత తెలిసికొనగోరి యొంగోలు చేరి, 1866లో బాప్తిస్మము పొందెను. ఆ సంవత్సరమే జాన్ ఎవరెట్ క్లౌ దొర యొంగోలులో కాపురము పెట్టెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను. ఆ నెలలోనే క్లౌ తాళ్లకొండపాడు పోయి చింతతోపులో దిగగా, పేరయ్య చుట్టుప్రక్కల పల్లెలనుండి జనమును తోడ్కొనివచ్చెను. కొలది దినములలో 28 మంది బాప్తిస్మము పొందిరి. పట్టణమందలి తల్లి సంఘముకంటె పల్లెలోని బిడ్డ సంఘమే మొదటి నెలలోనే మూడు రెట్లకు పైగా పెద్దదైనది. ఈ సంగతి మేము ముఖ్యముగా నెంచుచున్నాము. ఒంగోలు సంఘము మధ్యనుండి అంచులకు ప్రాకినది కాదు. అంచులనుండి మధ్యకు వచ్చినది.

పేరయ్య బోధించిన విధానము క్రొత్తది కాదు. వీరబ్రహ్మముగారి శిష్యులును, నాసరయ్య మతమువారును, రాజయోగ గురువులును అంతకుముందే మాదిగపల్లెలలో రాత్రిపూట దీపము చుట్టు కూర్చుండి తత్త్వములు పాడి, విగ్రహమునకంటె ఆత్మ గొప్పదని చెప్పియుండిరి. జనులు గురువునకు అన్నము పెట్టి, అతడు పోవు త్రోవనే పోవుట యెరుగుదురు. పేరయ్యయు అతనివెంట వచ్చిన బోధకులును ఆ గురువుల పీఠమునే యెక్కిరి. పగలు కూలిపని, రాత్రి కూటము. కీర్తనలు మన రాగములలోనే యుండెను. క్లౌ దొర రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథములో ఆ పూర్వపు గురువుల కథలను శ్రద్ధతో సేకరించెను. ఆమెకు మనము ఋణపడియున్నాము. బయటనుండి విత్తనము వచ్చెననుట నిజమే. దుక్కి మాత్రము ఇచ్చటివారు ముందే దున్నియుంచిరి.

ఇక ఒంగోలు పట్టణమునకు వత్తము. క్లౌ అచ్చట బడి పెట్టగా బ్రాహ్మణ బాలురును తక్కిన అగ్రవర్ణముల బాలురును వచ్చి చేరిరి. పెద్దలును ఆయనయందు ఆదరము చూపిరి. అంతలో మాదిగలు గుంపులుగా రాజొచ్చిరి. వారిని చేర్చుకొనినచో మేము రామని పట్టణపు పెద్దలు స్పష్టముగా చెప్పిరి. ఆ సంకటములో తానొక గదిలోను, తన భార్య వేరొక గదిలోను బైబిలు తెరవగా, ఇద్దరికిని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని యొక్క వచనభాగమే తటస్థించినదని క్లౌ తన జ్ఞాపకములలో చెప్పెను. లోకములో నెన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనని ఆ భాగమునకు తాత్పర్యము. ఈ సంఘటనను మహిమగా నమ్మువారు నమ్మవచ్చును. మాకు ముఖ్యమైనది ఆ తరువాతి ఫలము. ఆయన మాదిగలను చేర్చుకొనెను. అగ్రవర్ణ బాలురు బడి విడిచిరి. ఆ కాలపు మిషనరీలలో పలువురు పైనుండి క్రిందికి, అనగా బ్రాహ్మణుని మొదట గెలిచి అతనివెంట తక్కినవారిని రాబట్టవలెనని తలంచుచుండిరి. ఒంగోలులో ఆ లెక్క తలక్రిందులైనది.

చేరినవారికి క్లౌ విధించిన కట్టుబాట్లు మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. కాగితముమీద నివి మతనియమములుగా కనబడును. పల్లెలో నివి యేమైనవో చూడవలెను. మాదిగ ఊరికి కట్టుబడిన వృత్తివాడు. రైతునకు చెప్పులు కుట్టవలెను, కపిల బావులకు తోలుబానలు చేసి యియ్యవలెను, జాతరలో డప్పు కొట్టవలెను. దానికి ప్రతిఫలముగా కళ్లమువద్ద మేర, చచ్చిన పశువు. కరణము మునసబుల మాటమీద వెట్టి చేయవలెను. ఇప్పుడు మాదిగ ఆదివారము వెట్టికి రానన్నాడు, డప్పు కొట్టనన్నాడు, చచ్చిన పశువు మాకు వలదన్నాడు. మూడు మతనియమములును గ్రామపు ఆర్థిక వ్యవస్థ కీళ్లమీదనే దెబ్బకొట్టినవి. ఊరి పెద్దలకిది తిరుగుబాటుగా తోచుటలో ఆశ్చర్యము లేదు. పలుచోట్ల వారిని నీళ్లకు రానీయలేదు, అంగళ్లలో సరకు లమ్మనీయలేదు, అబద్ధపు నేరములు మోపిరి, కొట్టిరి. సంఘసంస్కరణమను పేరు పెట్టకయే జరిగిన సంఘసంస్కరణమిది. దానికి వెల చెల్లించినది ఉపన్యాసకులు కాదు.

ఈ కష్టములకు నిలిచినది పల్లె కూటమే. ఒంగోలు సంఘపు పట్టికలో పేరెక్కినను, వందలకొలది పల్లెలలో నున్నవారికి ఒంగోలు మందిరము ఎన్నడో పండుగకు చూచు వస్తువు. వారి సంఘము వారి పల్లెలోనిది. చెట్టుక్రిందనో పూరిపాకలోనో కూడుదురు. అదే బడి, అదే మందిరము. బోధకుడొకడు కొన్ని పల్లెలకు చాలవలెను. అతని జీతములో కొంత మిషనునుండి, కొంత ఆ పల్లెలవారి ధాన్యమునుండి. మూడు నెలల కొకసారి బోధకులందరును ఒంగోలులో చేరి, తమ తమ పల్లెల సంగతులు చెప్పి, వాదములు తీర్చుకొని, బోధ విని, బాప్తిస్మము కోరువారిని వెంటబెట్టుకొని వచ్చి, మరల పోవుచుండిరి. ఆ త్రైమాసిక కూటములే యీ విశాల సంఘమునకు నరములు. పాశ్చాత్య పద్ధతిని ప్రతి పల్లెలోను అధ్యక్షులు, పరిచారకులు, ఓట్లు పెట్టి సంఘములను నిర్మింపవలెనని అమెరికానుండి కోరువారుండిరి. క్లౌ తొందరపడలేదు. మాదిగపల్లెకు పెద్దలు పూర్వమునుండియు నుండిరి. తగవు తీర్చు పంచాయతీ యుండెను. ఆ పెద్దలనే సంఘపెద్దలుగా నుండనిచ్చెను. ఈ విషయమున ఆయన తన దేశమువారికంటె మన దేశమును బాగుగా చదివెననవలెను.

స్త్రీల సంగతి చెప్పకుండుట న్యాయము కాదు. రామపట్నములో 1870లలో స్థాపింపబడిన వేదాంత పాఠశాలలో బోధకులు మాత్రమే కాక వారి భార్యలును చదువుకొనిరి. మగని వెంట పల్లెకు వచ్చిన ఆ స్త్రీ, ఇంటింటికి పోయి ఆడవారికి కథలు చెప్పి, పిల్లలకు అక్షరములు దిద్దించెడిది. అంటరాని పల్లెలో చదువు వచ్చిన ఆడుది! ఆ కాలమున మా అగ్రహారములలో ఎందరుండిరో చదువరులే జ్ఞాపకము చేసికొందురు గాక.

1876లో వానలు తప్పెను. 1878 వరకును సాగిన ఆ క్షామమును ధాత కరవని తెలుగువారు పేర్కొందురు. మదరాసు రాజధానిలో లక్షలకొలది జనులు మడిసిరి. దొరతనమువారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకమును కరవుపనిగా సాగించుచుండగా, క్లౌ అందులో మూడున్నర మైళ్ల పనికి గుత్త తీసికొనెను. ఆయన మిషనరీ కాకమునుపు కొలతల పని చేసినవాడు. ఇతర చోట్ల మేస్త్రీలు కూలీల నోళ్లు కొట్టుచుండిరి. ఇచ్చట బోధకులే మేస్త్రీలైరి. కూలి చేతికి ముట్టుటయు, తమ భాషలో మంచిమాట వినబడుటయు ఆ జనులకు క్రొత్త. సాయంకాలము గంప దించి కూర్చున్నవారికి బోధకుడు, బరువు మోసికొనువారిని పిలిచిన యేసు మాటను చెప్పెడివాడు. మట్టి మోసి అలసినవానికి ఆ మాట కర్థము వేరుగా చెప్పనక్కరలేదు.

ఇచ్చట నొక ప్రశ్న తప్పక వచ్చును. వారు అన్నమునకై మతము మారలేదా? ఈ యాక్షేపణ నాడును నుండెను, నేడును వినబడుచున్నది. క్లౌ దానిని ముందే యెరిగి, కరవు ధర్మము పంచుచున్నంతకాలము, అనగా రమారమి పదునైదు నెలలు, ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. ధర్మము పంచుట ముగిసిన పిమ్మటనే 1878 జూన్‌లో వెల్లంపల్లివద్ద బోధకులను పిలిపించెను. బోధకులతో జనసమూహములు వచ్చినవి. ఇక ధనము లేదు, పని లేదు, వెళ్లిపొండని చెప్పినను వారు పోలేదు. మాకు సహాయము వలదు, మమ్మును చేర్చుకొనుడని యడిగిరి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. మూడు దినములకు 3,536. జూలై 3న బాప్తిస్మ మిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలిచి, అలసినప్పుడు తక్కినవారికి చోటిచ్చుచు, రమారమి తొమ్మిది గంటలు పనిచేసిరి. క్లౌ ఆ దినమున నీటిలో దిగలేదు. ఆ సంవత్సరాంతమునకు 9,606 మంది చేరిరి.

అన్నము గాక మరేమియు కారణము లేదనువారు, ఆ పదునైదు నెలల నిరీక్షణకు సమాధానము చెప్పవలెను. అన్నమున కేమియు సంబంధము లేదనువారును, కాలువ గట్టున ఆ కూలీల కెవరు మనుష్యమర్యాద చూపిరో చెప్పవలెను. ఆకలిగొన్నప్పుడు ఎవరు తనను మనుష్యునిగా చూచిరో మనుష్యుడు మరువడు. అది మతమునకు తక్కువ కారణమని మేమనుకొనము. మరియొక మాట. ఆ వచ్చినవారిలో పెక్కురు పేరయ్య మొదలగువారి చుట్టములు, చుట్టముల చుట్టములు. పదియేండ్లుగా పల్లె కూటములలో వెనుక వరుసను కూర్చుండి వినినవారు. కరవు వారిని ముందు వరుసకు త్రోసినది.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. ఇంత పెద్ద మందను ఒక్కచోటనుండి కాయుట అసాధ్యము. 1883 నాటికి కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరు కేంద్రములై, పల్లెలను పంచుకొనినవి. ఆ తరువాతను ఒంగోలు తరుగలేదు. 1890 డిసెంబరు 28న ఒక్క దినమే 1,671 మంది బాప్తిస్మము పొందిరి. ఆసుపత్రియు ఉన్నత పాఠశాలయు వచ్చినవి. దొరలు పెరిగిరి, లెక్కల పుస్తకములు పెరిగినవి. స్వపోషణమను క్రొత్త మాట వచ్చినది. పల్లెలే తమ బోధకుని పూర్తిగా పోషించుకొనవలెనని. న్యాయమైన మాటయే. కాని పంట లేని యేట తనకే గంజి లేని కూలివాడు బోధకునకు కొలువు గింజలెక్కడినుండి తెచ్చును? పట్టణములోని సంఘము ఈ పరీక్షను సులభముగా దాటినది. పల్లె కూటములకే అది కఠినమైనది. బోధకుడు పోయినచోట బడి మూతపడును. బడి మూతపడినచోట కూటము పలుచబడును.

మేము మొదట పొగడిన గుణమే యిప్పుడు దోషముగా కనబడవలసిన చోటికి వచ్చితిమి. ఒంగోలు సంఘము బంధుత్వపు దారిని పెరిగినది. ఒక మాదిగ మారినచో అతని వియ్యంకుడు, బావమరది, మేనమామ. ఒక పల్లెనుండి పిల్లనిచ్చిన పల్లెకు. దారి వేగమైనది, నమ్మకమైనది. కాని బంధుత్వము ఎచ్చట ఆగునో సంఘమును అచ్చటనే ఆగినది. బాప్తిస్టు సంఘములు ఈ సీమలో మాదిగలవి యనిపించుకొనగా మాలలు చేరుటకు వెనుకాడిరి. గుంటూరు వైపు లూథరను సంఘములలో మాలలే మొదట హెచ్చుగా చేరిరి. ఒక్క క్రీస్తును పూజించువారే యొకరి నీళ్లు ఒకరు త్రాగరు, ఒకరింటి పిల్లను ఒకరు చేసికొనరు. ఊరివారు వీరిద్దరిని దూరముంచిరి. వీరు ఒకరినొకరు దూరముంచుకొనిరి. శూద్రులు, బ్రాహ్మణులు చేరినవారు లేకపోలేదు గాని, మాదిగల మతమను పేరు పడిన పిమ్మట వారి రాక సన్నగిల్లినది. అగ్రవర్ణ బాలురు బడి విడిచిన నాడు క్లౌ చేసిన నిర్ణయము సరియైనదేనని మేము నమ్ముచున్నాము. అయినను ఆ నిర్ణయపు నీడ పల్లెల సరిహద్దులమీద చిరకాలము పడియుండెను. పల్లెకొక కూటముండుట సేవకు సౌకర్యము. మాలపల్లెకొకటి, మాదిగపల్లెకొకటి యుండుట సేవ కాదు. రెండును బయటికొక్క తీరుగనే కనబడుటచే, దీనిని దానిపేర చెల్లించుకొనుట సులభమైనది.

వినుకొండలోనే 1895లో క్రైస్తవ దంపతులకు జన్మించిన గుర్రము జాషువ కవి జీవితమును చూచినచో, ఈ గోడలు ఎన్ని వైపులనుండి యెత్తుగా నుండెనో తెలియును. హిందువులు కులము జూచి దూరముంచిరి; పురాణగాథలు వ్రాసెనని క్రైస్తవులును ఆదరింపలేదు. 1941లో ఆయన గబ్బిలమును దూతగా పంపవలసి వచ్చుటకు ఈ రెండు తలుపులును మూసియుండుటయు నొక కారణమని మా తలంపు.

సంఘపు పట్టికలో పేరెక్కుట 1878లో ధైర్యముతో కూడిన పని. 1950లో వెలువడిన షెడ్యూల్డు కులముల యుత్తరువు ఆ పట్టికకు వేరొక యర్థము కల్పించినది. హిందువు గానివాడు షెడ్యూల్డు కులమువాడు కాడని దానియందున్నది. ఆ నిబంధనను 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును సడలించిరి గాని క్రైస్తవులకు సడలింపలేదు. ఆంధ్రదేశమున మతము మారిన షెడ్యూల్డు కులములవారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా నుంచి, నూటి కొకటి వంతు మాత్రమే కేటాయించిరి. ఊరిలో బావివద్ద అతని కులము మారలేదు. కచ్చేరిలో మాత్రము మారిపోయినది. కనుక పల్లె కూటములలో ఆదివారము కూర్చుండువారి సంఖ్య వేరు, సంఘపు పుస్తకములో వ్రాయించుకొనువారి సంఖ్య వేరు అయినవి. వెల్లంపల్లి యొడ్డున తాత తన పేరును చదివించుకొని నీళ్లలో దిగెను. మనుమడు ఆ కీర్తననే పాడుచు, పట్టిక తెచ్చినప్పుడు వెనుక వరుసకు జరిగి కూర్చుండుచున్నాడు.